మొగులు చూసేవాళ్లం

పోయిన దసరా సెలవుల్లో నాయినతో పాటు పల్లిచేనుకు కావలి పడుకున్నాను. మాది నడిగడ్డ. అటు కృష్ణ, ఇటు తుంగభద్ర, నడుమ మా చేను మాత్రం వాననే నమ్ముకుంది.

"ఏం సదువుతున్నవ్ బిడ్డా?" అన్నాడు నాయిన.

"పైన ఓజోన్ అని ఉంటది నాయినా. ఎండలోని చెడ్డ కిరణాలను ఆపుతది. దాన్ని నేలమీంచే కొలుస్తరు."

"నిచ్చెనేసుకొనా?"

మంచంమీది రేడియో చూపించి చెప్పాను. ఓజోన్ అణువు తిరుగుతూ సన్నని రేడియో తరంగం విడుస్తుంది. దాని స్థానం 110.836 గిగాహెర్ట్జ్, అంటే మన ఎఫ్.ఎం. స్టేషన్ కన్నా వెయ్యి రెట్లు పైన. పరికరం పైకి ఏమీ పంపదు, వింటుంది, అంతే. కింద గాలి ఒత్తిడి ఎక్కువ గనుక అణువులు ఒకదాన్నొకటి తాకి ఆ గీత వెడల్పవుతుంది. పైకిపోయే కొద్దీ సన్నబడుతుంది. గీత ఆకారాన్ని లెక్కగడితే దాదాపు 20 నుంచి 70 కిలోమీటర్ల దాకా ఏ ఎత్తున ఎంత ఓజోన్ ఉందో తెలుస్తుంది. సూర్యుని వెలుతురు అక్కరలేదు. అందుకే ఆ పై అంచున పగలు ఎండకు విరిగిన ఓజోన్, రాత్రి మళ్లీ పెరగడం కూడా పట్టుకోవచ్చు.

స్విట్జర్లాండులోని బెర్న్‌లో 1994లో, హవాయిలోని మౌనా లోవా కొండమీద 1995లో ఇట్లా వినడం మొదలుపెట్టారు. 1987 నాటి మాంట్రియల్ ఒప్పందం తర్వాత 40 కిలోమీటర్ల ఎత్తున ఓజోన్ మెల్లగా కోలుకుంటున్నదని తేల్చడానికి ఇట్లాంటి కొలతలూ సాయపడ్డాయి.

"మరి వాన సంగతి చెప్తదా?"

"చెప్పదు నాయినా. గాలిల తేమ ఎక్కువైతే ఆ తరంగాన్ని మింగేస్తది. అందుకే 3,400 మీటర్ల ఎత్తున, పొడిగాలిల పెట్టిన్రు."

"అంటే మీ మిషన్‌కు మొగులు అడ్డం. మాకేమో మొగులు లేకుంటే బతుకే లేదు!"

నాకు మాట రాలేదు. చేను ఎండిన ఏడు కూడా అప్పు తెచ్చి నా ఫీజు కట్టిన మనిషి ఆయన. ఆయనకు అక్కరకు రాని ఆకాశాన్ని నేను చదువుతున్నానా అని సిగ్గేసింది.

కాసేపాగి నాయినే అడిగాడు. "నా పంట ఆర్నెల్లల్ల తెలుస్తది. నీ లెక్క ఎన్నేండ్లకు తెలుస్తది?"

"ఇరవై, ముప్పై ఏండ్లు."

"అన్నేండ్లు కూసుంటవా?"

ఆ మాటకు ఇంకా జవాబు చెప్పలేదు. తిరిగొచ్చాక ఎమ్మెస్సీ ప్రవేశపరీక్ష పుస్తకాలు మాత్రం కొన్నాను. మొన్న ఫోన్‌లో ఆ సంగతి చెబితే, "ఈడ మొగులు పట్టింది బిడ్డా" అన్నాడు నాయిన. ఆ గొంతులో సంతోషం దేనికో నేను అడగలేదు.