నాష్‌విల్ నగరము – కాలితో పలికించు గిటారు

అమెరికా సంయుక్తరాష్ట్రములలో టెనెసీ రాష్ట్రమునకు నాష్‌విల్ రాజధాని. కంబర్లాండు నది యొడ్డున వెలసిన యీ పట్టణమునకు సంగీతనగరమని బిరుదు కలదు. నదీతీరము నుండి పైకి సాగు బ్రాడ్వే వీథిలో నిరుప్రక్కల పాటశాలలే. ఒక వాకిటి పాట చెవినుండి తొలగకమునుపే మరియొక వాకిటి పాట వచ్చి సోకును. ఆ వీథిని నడచుచుండగా మమ్ము నిలిపివేసినది యొక వాద్యము. కన్నులు మూసికొని విన్నచో మనుష్యకంఠము గద్గదమైనట్లుండును. కన్నులు తెరచి చూచినచో కుట్టుమిషను ముందు కూర్చుండి పనిచేయుచున్నట్లుండును. దాని పేరు పెడల్ స్టీలు గిటారు.

సన్నని కాళ్లపై నిలిచిన యొక బల్ల. దానిమీద సాధారణముగా పది తంత్రులు. వాయించువారు దానియెదుట కూర్చుండి, యెడమచేత నున్నని యుక్కుకడ్డీని తంత్రులపై జార్చుచు, కుడిచేతి వ్రేళ్లకు తొడుగులు ధరించి మీటుదురు. ఎడమపాదము క్రిందనున్న పెడళ్లను త్రొక్కును. మోకాళ్లు బల్లక్రింది మీటలను ప్రక్కలకు నెట్టును. కుడిపాదము నాదమును హెచ్చించి తగ్గించును. కాలితో మిషను త్రొక్కుచు చేతులతో గుడ్డ నడపు సోదరీమణులకు దీని కష్టము మాకంటె బాగుగా తెలియును.

కడ్డీని జార్చి తంత్రిని పలికించుట మనకు క్రొత్త గాదు. మన గోటువాద్యము అట్టిదే. గిటారుపై నీ పద్ధతి హవాయి దీవులలో పుట్టినది. ఓవాహు దీవిలోని లాయియె గ్రామమున 1874లో జన్మించిన జోసెఫ్ కెకుకు విద్యార్థిదశలోనే దీనిని కనిపెట్టెనని ప్రసిద్ధి. భారతదేశమున పుట్టి హవాయి చేరిన గేబ్రియల్ డేవియన్ అను నావికుడే మొదటివాడనువారును కలరు. 1904లో కెకుకు దీవులు విడిచి ఈ నాదమును అమెరికాకు కొనిపోయెను. 1932లో న్యూజెర్సీ రాష్ట్రమున కన్నుమూసెను. మన పాత చలనచిత్రగీతములలో వినవచ్చు హవాయి గిటారు ఈ కుటుంబములోనిదే.

అయితే యీ వాద్యమునకు నొక సంకెల యుండెను. కడ్డీ తిన్ననిది. దానిని జరిపినచో తంత్రులన్నియు నొక్కమారుగా, నొక్క మేరకే హెచ్చును, తగ్గును. పాశ్చాత్య సంగీతమున మూడు నాలుగు స్వరములను కలిపి పలికింతురు గదా! ఒక కలయికనుండి మరియొక కలయికకు పోవలెనన్న నీ తిన్ననికడ్డీ యొప్పుకొనదు. అందుచే వాయించువారు రెండు మూడు వరుసల తంత్రులు వేరువేరు శ్రుతులతో నమర్చుకొనిరి. 1940 ప్రాంతమున గిబ్సన్ కంపెనీవారు పెడళ్లుగల వాద్యమును తెచ్చిరి. 1948లో కాలిఫోర్నియాలోని పాల్ బిగ్స్‌బీ, స్పీడీ వెస్ట్ అను వాదకునికొర కొకటి చేసియిచ్చెను. పెడలును త్రొక్కగా క్రిందినుండి పోవు కడ్డీలు తంత్రిని లాగి స్వరమును హెచ్చించును; కాలు తీయగా స్ప్రింగు దానిని మరల స్వస్థానమునకు చేర్చును. యంత్రము సిద్ధమైనది గాని దాని రహస్యము ఇంకను బయటపడలేదు.

1953 నవంబరు మాసమున వెబ్ పియర్స్ అను గాయకుడు "స్లోలీ" యను పాటను పాడగా, బడ్ ఐజక్స్ ప్రక్కన వాయించెను. తంత్రులు మ్రోగుచుండగానే యతడు పెడలును త్రొక్కెను. మన స్వరములలో చెప్పవలెనన్న, షడ్జము కదలక నిలిచియుండగా, అంతరగాంధారము శుద్ధమధ్యమమునకును, పంచమము చతుశ్రుతి ధైవతమునకును జారుచు నెక్కెను. స-గ-ప కన్నులయెదుటనే స-మ-ధ యయ్యెను. ఒక స్వరము నిలిచియుండ, రెండు స్వరము లెక్కుట యెట్లో తెలియక తక్కిన వాదకులు విస్తుపోయిరి. 1954లో ఆ పాట కంట్రీపాటల పట్టికలో మొదటిస్థానము నందెను. పెడలు లేని వారందరికిని పెడలు కావలసివచ్చెను.

ఐజక్స్ పెడలు రెండు స్వరములను గూడ నొక్కమారే కదల్చెను. ఇరువదియేండ్ల బడ్డీ ఎమ్మన్స్‌కు, జిమ్మీ డేకు అది చాలలేదు. ఒక్కొక్క స్వరమును విడిగా కదల్చగోరి ఆ పనిని రెండు పెడళ్లకు పంచిరి: ఒకటి పంచమమును ధైవతముగాను, రెండవది గాంధారమును మధ్యమముగాను మార్చును. అయితే వీరిరువురును వానిని తారుమారుగా నమర్చుకొనిరి. ఒక యింటి కోడండ్రిరువురు పోపులపెట్టెలో ఆవాలు, జీలకఱ్ఱ వేరువేరు వరుసల నుంచుకొన్నట్లు! నేటికిని ఎమ్మన్స్ వరుస, డే వరుస యని రెండు పద్ధతులున్నవి.

1957లో ఎమ్మన్స్, షాట్ జాక్సన్‌తో కూడి నాష్‌విల్ ప్రక్క మాడిసన్‌లో, జాక్సన్ ఇంటి మోటారుకారు కొట్టములో, షో-బడ్ పేరిట గిటారుల తయారీ నారంభించెను. తరువాత షో-బడ్ వారికి బ్రాడ్వే వీథి 416వ నంబరున దుకాణము వచ్చెను. నేడది యొక పాటశాల. దాని వెనుకనే 1892లో ప్రార్థనామందిరముగా కట్టిన రైమన్ మందిరము కలదు. గ్రాండ్ ఓల్ ఆప్రీ సంగీతసభలు 1943 మొదలు 1974 వరకు నిచ్చట జరిగెను. కచేరీలో తోచిన కోరికను వెనుకటి వీథిలోని పనివానికి చెప్పుకొనుటకు నాలుగడుగులు చాలును.

పాదములు నిండినపిమ్మట మోకాళ్ల వంతు వచ్చెను. జేన్ బెక్ మున్నగువారు మోకాలిమీటలను చేర్చిరి. ఒక మీట షడ్జమును నిషాదమునకు దింపును. మరియొకటి దానిని శుద్ధరిషభమునకు నెక్కించును. ఐజక్స్ నాడు కదలనిచ్చోట నిలిచిన షడ్జమే యిట్లు కదలసాగెను.

ఇది పురుషులకే చెల్లు విద్యయని తలంపవలదు. 1948లో పుట్టిన బార్బరా మాండ్రెల్ పదునొకండేండ్ల ప్రాయముననే స్టీలు గిటారు వాయించి పెద్దలను మెప్పించెను. ఈ నగరమందలి కంట్రీ సంగీత కీర్తిమందిరమున 2009లో నామెకు స్థానము లభించెను.

మమ్ము మిక్కిలి యాకర్షించిన దేమన, ఈ మార్పులేవియు కర్మాగారపు లెక్కలలో పుట్టినవి కావు. ఒకరికి కావలసిన స్వరము చేతికి అందలేదు. వారు కాలిని చాచిరి. మరియొకరికి అదియు చాలలేదు. దానిని రెండుగా చీల్చిరి. నేడు నేర్చుకొను పిల్లలకు ఆ పెడళ్లు ఏ, బి యను నక్షరములు మాత్రమే. మన యిండ్లలో ఏ అమ్మమ్మ మొదట చేర్చిన దినుసో తెలియకయే ఆవకాయ కలుపుకొనుచున్నాము గదా! ఆమె రుచి మాత్రము మనచేతిలో నిలిచియున్నది. బ్రాడ్వే వీథిలో ప్రతి రాత్రియు ఎవరో యొకరు ఎడమపాదము నదిమినప్పుడు ఐజక్స్ నాటి జారు మరల వినవచ్చును.