బయట అప్రదక్షిణం, లోపల ప్రదక్షిణం

శీర్షిక చూసి ఇదేదో గుడి గురించిన వ్యాసమనుకుని పేజీ తిప్పిన పెద్దలు మన్నించాలి. ఇది వడ్రంగి పని గురించి. పండుగలు, పిండివంటలు, పిల్లల పాటలు ఉండే పత్రికలో ఈ ఉలి, రంపం గోలేమిటని మీరు అడగవచ్చు. ఈ మధ్య మన ఇళ్ళలో కుర్రవాళ్ళు, రిటైరైన పెద్దవాళ్ళు కూడా సరదాకి రౌటర్ మిషను కొని చెక్కపని మొదలుపెడుతున్నారు. ఊళ్ళో ఉన్న అన్నదమ్ములకు, మేనల్లుళ్ళకు కొని పంపుతున్నవాళ్ళూ ఉన్నారు. అందుకే నాలుగు మాటలు రాయాలనిపించింది. అమెరికాలో ఉన్న మా అమ్మాయి ఈ పత్రిక నాకు పంపుతూ ఉంటుంది. ఈసారి నేనే దానికి ఈ కాగితాలు పంపుతున్నాను.

రౌటర్ అంటే ఇంటర్నెట్ కోసం గోడకు తగిలించే పెట్టె కాదు. రెండు పిడులున్న ఒక మోటారు. దాని అడుగున ఒక బిట్ బిగిస్తారు. నిమిషానికి పదివేల నుంచి ముప్ఫై వేల చుట్లు తిరుగుతుంది. పలక అంచు గుండ్రం చేయాలన్నా, గాడి తీయాలన్నా, తలుపు రెక్క మీద పువ్వు చెక్కాలన్నా ఉలితో ఒక పూట పట్టే పని పది నిమిషాల్లో అవుతుంది. అమెరికాలో సిరక్యూస్ ఊరికి చెందిన ఆర్.ఎల్. కార్టర్ అనే ఆయన మొదటి ప్రపంచ యుద్ధం నాటి రోజుల్లో చేతితో పట్టుకుని నడిపే ఈ మిషనును తయారుచేశాడు. 1929లో స్టాన్లీ కంపెనీ ఆయన వ్యాపారాన్ని కొనేసింది. నూరేళ్ళ నాటి ఈ వస్తువు మా పల్లెల్లోకి వచ్చింది మాత్రం నిన్నగాక మొన్ననే.

మాది నిడుగల్లు. కర్ణాటకలో తుమకూరు జిల్లా, పావగడ తాలూకా. పటంలో చూస్తే మా తాలూకా చుట్టూ దాదాపు ఆంధ్రదేశమే ఉంటుంది. ఇంట్లో తెలుగు, బడిలో కన్నడం. ఊరి పైన ఉన్న కొండకోట ఒకప్పుడు నిడుగల్లు చోళులది. మా ఇంట్లో తాత, నాయన ఇద్దరూ వడ్రంగులే. నేను బెంగళూరులో ఒక ఫ్యాక్టరీలో పోత అచ్చులకు చెక్క నమూనాలు చేసే విభాగంలో ముప్ఫై ఏళ్ళు పనిచేసి, 2016లో రిటైరై ఊరు చేరుకున్నాను.

మా తమ్ముడిదీ అదే పని. 1994లో వాడు బెంగళూరులో ఒక వర్క్‌షాపులో పనిచేస్తూ, బల్లకు బిగించిన అంచులు తీసే మిషను మీద కుడిచేతి రెండు వేళ్ళ కొసలు పోగొట్టుకున్నాడు. బిట్ తిరిగే వైపుకే చెక్కను నెట్టమని అక్కడి మేస్త్రీ చెప్పాడట. చెక్కను మిషను లాక్కుపోయింది, చెక్కతోపాటే చెయ్యీ పోయింది. తరువాత వాడు ఊరికి వచ్చి ఉలి, బాడిసలతోనే బతికాడు. మిషను మాట ఎత్తితే లేచి వెళ్ళిపోయేవాడు.

అలాంటి ఇంట్లో 2022లో వాడి కొడుకు రౌటర్ కొన్నాడు. పావగడలో ఎవరో దేవుడి గదికి తలుపులు చేయమన్నారు. అంచుల నిండా పువ్వుల పని. చేత్తో చేస్తే నెల పడుతుంది, అంత కూలి ఎవరూ ఇవ్వరు. తమ్ముడు కొడుకుతో మాట్లాడటం మానేశాడు. వాడు నా దగ్గరకు వచ్చి, “పెద్దనాయనా, నువ్వన్నా చెప్పు. నేనేం చేసేది?” అన్నాడు. “మీ నాయన భయం తప్పు కాదురా. మిషనూ తప్పు కాదు. వారం రోజులు నా దగ్గర కూర్చో, తరువాత చూద్దాం” అన్నాను.

మొదటి రోజు కరెంటే పెట్టనివ్వలేదు. ఈ మిషను విషయంలో మీట నొక్కక ముందు చేసే పనే ఎక్కువ. ముందుగా బిట్ కాడ లావు చూడాలి. బజారులో 6 మిల్లీమీటర్ల కాడలూ, పావు అంగుళం అంటే 6.35 మిల్లీమీటర్ల కాడలూ పక్కపక్కనే అమ్ముతారు. కంటికి రెండూ ఒకటే. కానీ 6 మిల్లీమీటర్ల కాడను పావు అంగుళం కోలెట్‌లో బిగిస్తే బిగిసినట్టే ఉండి, తిరిగేటప్పుడు జారి బయటికి వస్తుంది. 12కీ, అర అంగుళానికీ అంటే 12.7కీ ఇదే తంటా. ఏ కోలెట్‌కు ఆ కాడే. కాడను అడుగు తగిలేదాకా దించి, మళ్ళీ రెండు మూడు మిల్లీమీటర్లు పైకి తీసి, అప్పుడు స్పానర్‌తో బిగించాలి. కాడలో కనీసం ముప్పాతిక వంతు లోపల ఉండాలి. మొద్దుబారిన బిట్ చెక్కను కోయదు, కాలుస్తుంది. నల్లని మచ్చలు కనబడితే బిట్ మొద్దుబారిందనో, చెయ్యి ఒకేచోట ఆగుతోందనో అర్థం.

రెండోది వేగం. సన్నని బిట్‌కు ఎక్కువ చుట్లు, లావు బిట్‌కు తక్కువ చుట్లు. ఇందులో పెద్ద రహస్యమేమీ లేదు. నిమిషానికి ఇరవై వేల చుట్ల దగ్గర 6 మిల్లీమీటర్ల బిట్ అంచు గంటకు సుమారు 23 కిలోమీటర్ల వేగంతో పోతుంది, సైకిలు తొక్కినట్టు. అదే చుట్ల దగ్గర 50 మిల్లీమీటర్ల బిట్ అంచు గంటకు 190 కిలోమీటర్ల దాకా పోతుంది. అందుకే లావు బిట్ పెట్టినప్పుడు వేగం బాగా తగ్గించాలి. బిట్ డబ్బా మీద రాసిన హద్దు ఎప్పుడూ దాటకూడదు.

మూడోది లోతు. 12 మిల్లీమీటర్ల గాడి ఒక్కసారే తీద్దామనుకోకూడదు. మూడు, నాలుగు మిల్లీమీటర్ల చొప్పున మూడు నాలుగు సార్లు పోవాలి. మా నాయన చిత్రిక పట్టేటప్పుడు ఉల్లిపొర లాంటి తునకలు రాలేవి. ఆ ఓపికే ఇక్కడా కావాలి.

ఇక అసలు సంగతి. పైనుంచి చూస్తే బిట్ గడియారం ముల్లు వైపే తిరుగుతుంది. మనం మిషనును ముందుకు తోసినప్పుడు అది కాస్త ఎడమకు లాగుతుంది. ఆ లాగుడు చెక్కకు ఆనుకునేటట్టు నడిపితే మిషను మన మాట వింటుంది. ఎదురు దిశలో నడిపితే బిట్ చెక్క మీద చక్రంలా దొర్లి, మిషను చేతిలోంచి దూకుతుంది. కాబట్టి పలక బయటి అంచు చుట్టూ గడియారానికి ఎదురుగా, చట్రం లోపలి అంచు చుట్టూ గడియారం వైపుగా నడపాలి. మావాడికి ఇది రెండు రోజులు తలకెక్కలేదు. చివరకు “బయట అప్రదక్షిణం, లోపల ప్రదక్షిణం” అని చెప్పాను. గుళ్ళో ప్రదక్షిణం చేసేటప్పుడు దేవుడు కుడిచేతి వైపు ఉంటాడు. రౌటర్ నడిపేటప్పుడు చెక్క ఎడమచేతి వైపు ఉండాలి. బయటైనా, లోపలైనా ఇదొక్కటే లెక్క. గాడి తీసేటప్పుడు ఆనించుకునే కర్రను కూడా ఎడమవైపే బిగించాలి. ఇది చెప్పాక వాడు మళ్ళీ అడగలేదు.

నాలుగు అంచులూ తీయాలంటే ముందు పొట్టి అంచులు, అంటే నారకు అడ్డంగా ఉన్నవి తీయాలి. కొసల్లో చెక్క కాస్త పెచ్చులూడుతుంది. తరువాత పొడుగు అంచులు తీస్తే ఆ పెచ్చులు వాటితోపాటు పోతాయి. పలకను పనిబల్లకు రెండు చోట్ల క్లాంపులతో బిగించాలి. ఒక చేత్తో చెక్క, ఇంకో చేత్తో మిషను పట్టుకోవడం ఎంతమాత్రం కూడదు. రెండు చేతులూ పిడుల మీదే ఉండాలి. బిట్ చెక్కకు తగలకుండా ఉన్నప్పుడే మీట వేసి, పూర్తి వేగం అందుకున్నాక చెక్కలోకి దింపాలి. పని అయ్యాక బిట్ ఆగేదాకా మిషను కింద పెట్టకూడదు.

మా ఊళ్ళో ఇంకో ప్రమాదం ఉంది. మా తాలూకాలోనే తిరుమణి దగ్గర 2,050 మెగావాట్ల సోలార్ పార్కు 2019లో పూర్తయింది. అయినా పని మధ్యలో కరెంటు పోవడం మాకు కొత్త కాదు. మీట వేసి ఉన్న మిషనును అలాగే బల్ల మీద పెట్టి టీకి పోతే, కరెంటు వచ్చిన క్షణంలో అది తనంతట తానే తిరుగుతూ బల్ల మీద పరుగెత్తుతుంది. చిన్న మిషన్లలో చాలావాటికి దీన్ని ఆపే ఏర్పాటు ఉండదు. కరెంటు పోతే ముందు మీట ఆపాలి, తరువాత ప్లగ్గు పీకాలి, ఆ తరువాతే టీ.

పాత ఇళ్ళ దూలాలు, తలుపులు కోసేటప్పుడు ముందు అయస్కాంతం పెట్టి మేకులు వెతకాలి. కళ్ళకు అద్దాలు, చెవులకు రక్షణ, ముక్కుకు మాస్కు ఉండాలి. చెక్క పొడి క్యాన్సర్ కారకమని ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన క్యాన్సర్ పరిశోధన సంస్థ 1995లోనే ప్రకటించింది. వదులు చేతి తొడుగులు, మెడలో తువ్వాలు, మణికట్టుకు కట్టుకున్న దారాలు, వేలాడే చున్నీ, విరబోసిన జుట్టు ఇవేవీ మిషను దగ్గరకు రాకూడదు.

నాలుగో రోజు మావాడు తలుపు చట్రానికి అంచు తీస్తున్నాడు. రౌటర్ బిట్లలో ఓజీ అనే వంకర ఒకటుంది, దాంతో. పాత గుడి అధిష్ఠానంలో మన స్థపతులు పద్మం అని పిలిచే వరుసకు ఇంచుమించు అదే రూపం. గుండ్రంగా ఉబ్బిన వరుస కుముదం. హేమావతి గుళ్ళు చూపించి నాయన మాకు ఈ పేర్లు నేర్పాడు. మా తమ్ముడు ఎప్పుడు వచ్చాడో, కొట్టం గుమ్మం దగ్గర నిలబడి చూస్తున్నాడు. మావాడు మిషను ఆపి బిట్ మార్చబోయాడు. తమ్ముడు లోపలికి వచ్చి, గోడ దగ్గర ప్లగ్గు పీకి, ఆ కొస తన చేతిలో పట్టుకుని, “ఇది నా చేతిలో ఉన్నప్పుడే బిట్ మార్చాల. తెలిసిందా?” అన్నాడు. నెలన్నర తరువాత కొడుకుతో వాడు ఆడిన మొదటి మాట అది.

అప్పటినుంచి అదే పద్ధతి. బిట్ మార్చాలంటే మావాడు, “నాయనా, ప్లగ్గు!” అని కేక వేస్తాడు. తమ్ముడు ఏ పనిలో ఉన్నా వచ్చి ప్లగ్గు పట్టుకుంటాడు. దేవుడి గది తలుపులు పదిహేను రోజుల్లో పూర్తయ్యాయి. ఎవరికీ చిన్న గీత కూడా పడలేదు.

విదేశాల్లో ఉన్న పాఠకులకు ఒక మనవి. ఊరికి రౌటర్ పంపాలనుకుంటే అమెరికాలో కొనకండి. అక్కడి మిషను 120 వోల్టులది, ఇక్కడి 230 వోల్టులకు కాలిపోతుంది. ఇక్కడే కొనడానికి డబ్బు పంపండి. ఆ డబ్బులోనే కళ్ళద్దాలు, చెవి రక్షణ, రెండు మంచి క్లాంపులు కూడా కొనమని చెప్పండి. మిషను రాగానే పని మొదలుపెట్టకుండా ఒకరోజు కరెంటు లేకుండా దానితో కూర్చోమనండి. మా ఇంట్లో పని మిషనుతోనే జరుగుతోంది. వేళ్ళు మాత్రం మిషనుతోపాటు దొరకవు కదా.