మంచె మీద కాపలా

మాది వ్యవసాయ కుటుంబం. జొన్న కంకి పాలుపోసుకునే రోజుల్లో అమ్మ మంచె ఎక్కి, వడిసెలతో పిట్టల్ని తోలేది. ఆడదానికి కాపలా ఏమిటని ఎవరూ అనలేదు.

నిరుడు పత్తి అమ్మిన డబ్బులో 18,000 రూపాయలు ఒక్క ఫోనుతో పోయాయి. "డబ్బు జమ కావాలంటే పిన్ నొక్కండి" అన్నాడట అవతలివాడు. నాన్న నొక్కారు. యు.పి.ఐ.లో డబ్బు పంపడానికే పిన్ కావాలి, అందుకోవడానికి అక్కర్లేదు. ఈ ముక్క బి.యస్సీ. కంప్యూటర్స్ చదివే నేనే ఆయనకు చెప్పలేదు! 1930కి ఫోన్ చేసేసరికి రాత్రయింది. సగం కూడా దక్కలేదు.

సైబర్ సెక్యూరిటీ చదువుతానంటే, "రాత్రి డ్యూటీలు, ఆడపిల్లకెందుకు?" అన్నాడు మామయ్య.

"మీ అక్క నాతో అర్ధరాత్రి చేనికి నీళ్లు కట్టలేదా, బావా?" అన్నారు నాన్న.

మిత్రులారా! నేను మంచె ఎక్కబోతున్నాను.