ఈయన మీ మామ గాదు

"ఈయన మీ మామ గాదు పాపా," అంది అత్త, కార్డు నమూనా చేతిలోకి తీసుకుని.

మామ పోయి ఏడాది కావస్తోంది. సంవత్సరీకానికి ఆయన ఫొటోతో ఒక కార్డు వేయించి బంధువులందరికీ ఇవ్వాలని అత్త కోరిక. జువ్వలదిన్నె నుంచి కావలి వెళ్లి ప్రెస్సులో కూర్చునే తీరిక ఎవరికుంది? మా ఆయన వేట మీద ఉన్నారు. "నేనే ఫోన్లో చేసేస్తాలే అత్తా," అన్నాను ధైర్యంగా.

కాన్వాలో కార్డు ముచ్చటగానే వచ్చింది. పెళ్లినాటి గ్రూపు ఫొటో ఎవరో వాట్సాప్‌లో పంపింది ఉంటే, అందులోంచి మామ ముఖం కత్తిరించి నాలుగంగుళాలంత పెట్టాను. స్క్రీన్‌షాట్ తీసి ప్రెస్సుకు పంపాను. అచ్చయి వచ్చిన నమూనాలో ముఖం పొగమంచులో ఉన్నట్టుంది. అక్షరాల అంచులన్నీ మసక.

తప్పు నాదే. మర్నాడు కావలి బస్సెక్కాను.

ప్రెస్సులో అబ్బాయి ఓపిగ్గా చెప్పాడు. నా ఫోను తెర అడ్డం 1080 చుక్కలు. మంచి అచ్చుకు అంగుళానికి 300 చుక్కలు కావాలి. అంటే ఆ స్క్రీన్‌షాట్ మూడున్నర అంగుళాల కార్డుకే సరిపోతుంది. నేనడిగింది ఎనిమిది అంగుళాలు! పైగా వాట్సాప్‌లో ఫొటోగా పంపితే అది ఇంకా కుదించేస్తుంది. డాక్యుమెంటుగా పంపితే ఉన్నది ఉన్నట్టు వెళ్తుంది. జేపెగ్ ఫైలును దిద్ది మళ్లీ మళ్లీ సేవ్ చేసినా ప్రతిసారీ కొంత పోతుంది.

నాకు ముగ్గు గుర్తొచ్చింది. ముగ్గు లెక్క తెలిస్తే గడపలోనైనా వాకిలంతానైనా గీత చెదరకుండా వేస్తాం. కోరల్‌డ్రాలో అక్షరం అలాంటిది, ఎంత పెంచినా అంచు చెదరదు. ఫొటో మాత్రం బియ్యపు గింజలు పరిచి చేసిన బొమ్మ. పెద్దది చెయ్యాలంటే గింజలు దూరం జరగాల్సిందే. నేను అక్షరాల్ని కూడా ఫొటోలో కలిపేసి గింజలు చేశాను.

పోనీ రాత మాత్రం కాపీ చేసి ఇద్దామంటే ఇంకో తంటా. నా ఫోన్లోది యూనికోడ్, వాళ్లు వాడేది అనూ ఫాంట్లు. మార్చకుండా అతికిస్తే తెలుగంతా పిచ్చిగీతలే. ఫొటోషాప్‌లోనైతే భారతీయ భాషల సెట్టింగు పెట్టకపోతే ఒత్తులు విడిపోయి సంవత్సరీకం కాస్తా సంవత్‌సరీకం అవుతుందట.

ఆ అబ్బాయి మళ్లీ టైపు చేశాడు. నేను అక్షరం అక్షరం చూశాక కర్వ్‌లుగా మార్చాడు. అలా మారిస్తే అవతలి కంప్యూటర్లో ఆ ఫాంటు లేకపోయినా రాత చెడదు. కానీ ఆపైన తప్పు దిద్దలేం. అందుకే దిద్దుకునే కాపీ ఒకటి ముందే దాచుకోవాలి.

ఇక ఫొటో. "అసలు ఫొటో తెండక్కా. లేని ముఖం ఏ కంప్యూటరూ పుట్టించలేదు," అన్నాడు.

ఇంటికొచ్చి అడిగితే అత్త ట్రంకుపెట్టె తెరిచింది. పట్టుచీర మడతలో ఒక పాస్‌పోర్టు ఫొటో. గుర్తింపు కార్డు కోసం మామ తీయించుకున్నది. ఏడాదిగా అక్కడే ఉంది, నేను అడగనే లేదు.

మూడున్నర సెంటీమీటర్ల ఆ ఫొటోను 600 రిజల్యూషన్‌లో స్కాన్ చేస్తే అడ్డం 820 చుక్కలు దాటాయి. రెండంగుళాల బొమ్మకు 600 చాలు. నాలుగంగుళాలు వద్దనుకున్నాను. చిన్నదైనా సరే, ఆయనే ఉండాలి.

ఈసారి కార్డు అందుకుని అత్త ఏమీ అనలేదు. ఎడమ కనుబొమ మీద, ఎప్పుడో వల తాడు తగిలి పడిన మచ్చ మీద వేలు పెట్టి అలాగే కూర్చుంది. కాసేపటికి, "ఇంకో నాలుగు ఎక్కువ వేయించాల్సింది పాపా," అంది.

మీ ఇంట్లోనూ ఏ పెట్టెలోనో, చీర మడతలోనో అసలు ఫొటోలు ఉండే ఉంటాయి. పెద్దవాళ్లు చెప్పగలిగిన రోజుల్లోనే అడిగి బయటికి తీయండి. స్కాన్ చేసిన అసలు ఫైలు ఒకటి ముట్టుకోకుండా దాచండి. కార్డులకూ స్టేటస్‌లకూ దాని కాపీలు వాడుకోండి.