ఎడమ చెవిలో ఘంటసాల

సంక్రాంతి సెలవులకి మండపేట వెళ్తూ బట్టల కంటే ముందు బ్యాగ్‌లో పెట్టుకున్నది నా పోర్టబుల్ ఆంప్‌నే. ట్యూషన్ డబ్బులతో సెకండ్ హ్యాండ్‌లో కొన్నాను. అరచేతిలో పట్టే డబ్బా, పైన ఒక నాబ్. దాని గురించి నేనిచ్చిన లెక్చర్లకి రూమ్మేట్ ఎప్పుడో దండం పెట్టేశాడు. ఇక మిగిలింది తాతయ్యే.

ఇయర్‌ఫోన్స్ ఆయన చెవుల్లో పెట్టి, ఘంటసాల పాట వేసి, నాబ్ కొంచెం తిప్పాను.

"ఏం వినపడట్లేదురా."

ఇంకో వెంట్రుకవాసి తిప్పానంతే. "ఓరి నీ..." అని రెండూ పీకేశారు.

కారణం నాకు తెలుసు. నా ఇయర్‌ఫోన్స్ ఒక్క మిల్లీవాట్‌కే 110 డెసిబెల్స్ ఇస్తాయి. హాయిగా వినడానికి 75 చాలు. అంటే మిల్లీవాట్‌ని మూడు వేల భాగాలు చేస్తే అందులో ఒక్కటి! ఆంప్ ఏమో హై గెయిన్‌లో ఉంది. అందుకే నాబ్ కదిలీ కదలకముందే మోత. ఇదంతా చెప్తే తాతయ్య ఒక్క ముక్కలో తేల్చేశారు: "పెద్ద తూము ఎత్తి చిన్న బోదెకి నీళ్లొదిలితే చేను మునగదేంట్రా?"

సరిగ్గా అదే. గెయిన్ లోకి మార్చాను. ఇప్పుడు నాబ్ సగం దాకా తిప్పినా మెల్లగానే పెరుగుతోంది.

"బానే ఉంది గానీ, పాట ఎడమపక్కే వస్తోంది" అన్నారు.

దీనికీ నా దగ్గర జవాబుంది. నాబ్ కింద ఎడమకొకటి, కుడికొకటి రెండు పాట్‌లుంటాయి. తిప్పడం మొదలెట్టిన చోట అవి రెండూ సమానంగా ఉండవు, ఒక పక్క తగ్గుతుంది. కానీ ఇప్పుడు నాబ్ సగంలో ఉంది కదా! నేను పెట్టుకుని విన్నాను. ఆ కాలం పాటలు చాలావరకు మోనో, రెండు చెవుల్లోనూ ఒకటే శబ్దం. ఘంటసాల సరిగ్గా మధ్యలోనే ఉన్నారు.

డీబగ్గింగ్ అలవాటు కొద్దీ ఎడమది కుడికి, కుడిది ఎడమకి మార్చి పెట్టాను. తప్పు ఆంప్‌దైతే పాట పక్క మారాలి.

"ఎడమేరా" అన్నారు తాతయ్య.

నా నోట మాట రాలేదు. ఆయనే నవ్వారు. "ఆ చెవి మిల్లుకిచ్చేశాన్లే. 30 ఏళ్లు ఇంజిన్ పక్కనే కదా!"

అప్పుడు ఒక్కొక్కటీ గుర్తొచ్చాయి. ఫోన్ ఎప్పుడూ ఎడమ చెవికే. అరుగు మీద మమ్మల్ని ఎప్పుడూ ఎడమపక్కే కూర్చోబెట్టుకోవడం. నేను కుడిపక్క నుంచి పిలిస్తే పలక్కపోతే, పట్టించుకోవట్లేదని చిన్నప్పుడు అలగడం. 19 ఏళ్లుగా చూస్తూనే ఉన్నాను, ఒక్కసారీ అడగలేదు.

కనుమ వెళ్లాక రాజమండ్రిలో డాక్టర్‌కి చూపించాం. పోయిన వినికిడి తిరిగి రాదన్నారు. వారానికి 40 గంటలు వింటే 80 డెసిబెల్స్ దాటొద్దని డబ్ల్యూహెచ్‌ఓ చెప్తుంది. 90 అయితే 4 గంటలే. తాతయ్యది కూలి కోసం పోయింది. రాత్రుళ్లు హై గెయిన్‌లో పెట్టుకుని నేను పోగొట్టుకుంటున్నది దేనికోసం?

హాస్టల్‌కి బయల్దేరే ముందు ఆయన ఫోన్ సెట్టింగ్స్‌లో బ్యాలెన్స్ కుడివైపు జరిపాను. కుడి పెరగదు, ఎడమ తగ్గుతుందంతే. కొంచెం, ఇంకొంచెం... తాతయ్య చెయ్యెత్తి ఆపమన్నారు.

"ఆఁ, మధ్యలోకొచ్చాడు."

ఆంప్ మాత్రం నాతో తెచ్చేసుకున్నాను. అది ఇప్పుడు లో గెయిన్‌లోనే ఉంది.