సూళ్లూరుపేట స్టేషనులో నొక యుదయము

మా మర్రిపాటికి రైలు లేదు. నెల్లూరునుండి ఆత్మకూరు మీదుగా బద్వేలునకు పోవు పెద్దబాటపై మా యూరున్నది. బస్సులకు కొదువలేదు గాని రైలుకూత వినవలెనన్న నెల్లూరికి పోవలసినదే. నడికుడి, శ్రీకాళహస్తుల నడుమ 309 కిలోమీటర్ల క్రొత్తదారి 2011-12 సంవత్సరపు బడ్జెటులో మంజూరైన నాటినుండి, అది ఆత్మకూరు ప్రాంతమునకు రైలును దెచ్చునని మా సీమవా రాశపడుచున్నారు. అట్టి యూరివారమగు మేము ఒక స్టేషనును జూచుటకే ప్రయాణమై పోవుట పాఠకసోదరీమణులకు వింతగా దోచవచ్చును. అందులకు కారణము మా మేనకోడలు.

ఆ పిల్లకు చెన్నపట్టణములో నుద్యోగము దొరకినది. హాస్టలులో నుంచుటకు మా యన్నగా రిష్టపడలేదు. వదినెగారి చెల్లెలు సూళ్లూరుపేటలో కాపురమున్నది. ఆమె యింటనుండి దినదినము రైలులో పోయివత్తునని పిల్ల పట్టుబట్టినది. "ఆడపిల్ల చీకటితో లేచి రైళ్లు పట్టుకొని తిరుగుటయా!" యని వదినెగారు కంటనీరు పెట్టుకొనిరి. "అత్తా, నీవు వచ్చి నీ కన్నులతో జూడుము. నీవు వలదన్నచో మానుకొందును" అని పిల్ల యనెను. ఆ మాటపై మేము బయలుదేరితిమి.

సంగము, బుచ్చిరెడ్డిపాలెములు దాటి నెల్లూరు చేరి పినాకిని యెక్స్‌ప్రెస్సు నెక్కితిమి. పినాకిని యనగా మన పెన్నయే. గూడూరు జంక్షనులో రేణిగుంటదారి విడిపోయినది. నాయుడుపేట గడచిన పిమ్మట సూళ్లూరుపేటలో దిగితిమి. పూర్వము నెల్లూరుజిల్లాలోనిదగు నీ యూరు 2022 ఏప్రిలునుండి తిరుపతిజిల్లాలో చేరినది.

ఈ స్టేషనునకు రెండు కాపురములు. 1899లో బెజవాడను మదరాసుతో గలిపిన దారిలోని దగుటచే దూరపు బండ్లు కొన్ని యిక్కడ నిలుచును, పెక్కు నిలువక దుమ్ము రేపుకొని పోవును. చెన్నపట్టణపు లోకలు బండ్లలో గొన్ని గుమ్మిడిపూండి దాటి యింతదూరము వచ్చును. పట్టణము ఇచటికి సుమారు 83 కిలోమీటర్లు. దారిలో తడ మన రాష్ట్రపు తుది స్టేషను, దాని తరువాతిదగు ఆరంబాకము తమిళనాటిది. కావున ప్లాటుఫారముపై తెలుగు, అరవము కలగలుపుగా వినవచ్చును. పులికాటు సరస్సు నావలనున్న శ్రీహరికోటకు బోవువారును ఇక్కడనే దిగుదురు. అచ్చట 1971లో మొదటి రాకెట్టు లేచినది. 2023 జూలై 14న చంద్రయాన్-3 బయలుదేరినదియు నచ్చటినుండియే.

ఆ సాయంకాలము కాళంగి యొడ్డున చెంగాళమ్మను దర్శించితిమి. ఆ గుడికి తలుపులు వేయు నాచారము లేదు. "ఈ తల్లివలెనే నేనును తలుపు తెరచుకొని పిల్లకొఱకు గూర్చుందును" అని చెల్లెలుగారనిరి.

మఱునాడు తెలవారకమునుపే స్టేషనునకు బోయితిమి. చేత టిఫిను డబ్బాలతో జనులు బిలబిల వచ్చుచుండిరి. స్త్రీల పెట్టెలో నెక్కితిమి. ఒకతె తల దువ్వుకొనుచుండెను, ఒకతె పూలు గట్టుచుండెను, ఇంకొకతె కిటికీకి తలయాన్చి నిద్రించుచుండెను. ప్రక్కనున్న పెద్దామెను భయము లేదా యని యడిగితిమి. "పదియేండ్లుగా పోవుచున్నా నమ్మా. ఇందఱము ఒకరి నొకర మెఱుగుదుము. ఒకతె రాకున్న ఫోను జేసి కనుగొందుము. నాకు భయమెల్ల సాయంకాలపు బండి తప్పునేమో యనియే" యని యామె చెప్పెను.

రెండుగంటలకు పైగా ప్రయాణముచేసి మూరుమార్కెట్టు కాంప్లెక్సులో దిగితిమి. 1985లో కాలిపోయిన మూరుమార్కెట్టు తావున వెలసిన స్టేషనది. దిగినవారు వెనుదిరిగి చూడక పరుగిడిరి. మా పిల్లయు రేపిట్లు పరుగిడవలసినదే కదా యని మనసు కలుక్కుమన్నది.

ఊరికి వచ్చి యన్నగారితో నున్నదున్నట్లు చెప్పితిమి: "స్త్రీల పెట్టె యున్నది, తోడున్నది, ఆ దిగులు విడువుడు. 150 కిలోమీటర్లవరకు సీజను టిక్కెట్టు దొరకును గావున ఖర్చును భారము గాదు. కాని దినమునకు నాలుగైదు గంటలు బండిలోనే గడచును. అలసివచ్చిన పిల్లను వంటింటి పనికి బిలువరాదు. బండి తప్పిన రాత్రి నిలుచుటకు పట్టణములో నమ్మకమైన యిల్లొకటి ముందుగానే చూచి యుంచవలెను. ఆరునెలలలో బడలిక మితిమీరినచో, హాస్టలుమాట మరల దలపవలెను. ఆ మాట పిల్లనే చెప్పనిండు."

అన్నగారు రెండుదినము లాలోచించి సరేయనిరి. మొదటినెల సీజను టిక్కెట్టునకు వదినెగారే తమ పోపులడబ్బాలోని సొమ్ము తీసి యిచ్చిరి. ఇప్పుడు ప్రతిరాత్రియు పిల్ల బండిలోనుండి ఫోను జేయును. "తడ దాటితి నమ్మా" అను మాట చెవిని బడువరకు వదినెగారు మర్రిపాటిలో విస్తరిముందు గూర్చుండరు.