రథకారుడెవడు?

మన దేశమున చదువుకొన్నవాని చేతికి రెండే పనులు తగియున్నవని లోకము తలచుచున్నది: కలము పట్టుట, కంచములో చేయి పెట్టుట. మూడవ పని కనబడిన యెడల ఇరుగుపొరుగువారికి నవ్వు, బంధువులకు దిగులు. నేను సంస్కృతమును, ఆంగ్లమును చదివి యిరువదియేండ్లుగా బడిలో పాఠములు చెప్పుచున్నవాడను. ఏడాదినుండి సెలవుదినములలో మా పెరటియందొక పాత అంబాసిడరు కారునకు లోపలి రేకుపలకలను స్వయముగా చేయుచున్నాను. ఆ పని వలన తోచిన సంగతులను చదువరులకు విన్నవించెదను.

ఆంగ్లదేశపు మోరిస్ ఆక్స్‌ఫర్డు మాదిరిగా ఉత్తరపాడా కర్మాగారమున తయారైన యీ బండి నిర్మాణము 2014లో నిలిచిపోయినది. యంత్రభాగములు వెదకిన దొరకుచున్నవి గాని, తలుపుల లోపలి పలకలును, మీటరులు బిగించు పలకయు నాకు దొరకలేదు. ఉన్నవి వానకు నాని యుబ్బి, తుప్పు తిని పనికిమాలినవి. కావున చేసికొనుటయే గతి.

మొదట దళసరి అట్టను కత్తిరించి, తలుపునకు సరిపోవువఱకు సవరించవలెను. అట్ట చెడిన నష్టము లేదు. రేకు చెడిన సొమ్ము పోవును. పిదప ఒకటిన్నర మిల్లీమీటరు మందము గల అల్యూమినియము రేకుపై ఆ మాదిరినుంచి గీటు గీసి కోయవలెను. రెండు కొయ్యదిమ్మెల నడుమ రేకును బిగించి వంచినపుడు, చేయి వదలగానే యది కొంత వెనుకకు మరలును. కావలసినదానికంటె కొంచెము మిక్కిలిగా వంచినగాని లెక్క సరిపడదు. గుండ్రని భాగములను ఇసుకసంచిపై పెట్టి కొయ్యసుత్తితో లోతు చేయవలెను. అయితే కొట్టుకొలది రేకు గట్టిపడి తుదకు బీటలు వారును. దానిని కాల్చి మెత్తపఱచవలెను. ఇనుము ఎఱ్ఱబడి తన వేడిమిని తానే చెప్పును. అల్యూమినియమో, 660 డిగ్రీలకే కరగునది. పగటి వెలుతురులో నెఱుపు కనబడకమునుపే కరగిపోవును. అందుచేత రేకునకు సబ్బు పూసి సెగ చూపుదురు. సబ్బు నల్లబడగానే సెగ తీసివేయవలెను.

ఈ రహస్యమును నాకు మా వీధి చివర రేకుపెట్టెలు చేయు వృద్ధుడు చెప్పెను. “పంతులుగారూ, రేకుతో దెబ్బలాడకండి. ముందు సెగ చూపండి, తరువాత సుత్తి చూపండి,” అనెను. బోధనాశాస్త్రమున నేను చదివిన పెక్కు పుటలు ఈ రెండు మాటలలో నిమిడియున్నవి. అంచులను ఆకురాయితో నునుపు చేసి లోపలికి మడువవలెనని పదేపదే చెప్పినదియు నాతడే. మడత యెవరికంటను పడదు. కాని మడువని యంచు ఎక్కు బిడ్డ మోకాలిని కోయును. ఎవరును చూడనిచోట పని చక్కగా చేయుటకంటె ధర్మమేమున్నది?

ఆ వృద్ధుని మనుమడు మా బడిలో తొమ్మిదవ తరగతి చదువుచున్నాడు. మీ తాత యేమి చేయునని తోడిబాలుడడుగగా, “వ్యాపారము” అని తల వంచుకొనెను. ఆ తల వంచినదెవరు? ఇంటివారు కారు, మన చదువు.

మన పూర్వులు దీనిపై నేమనిరి? వేదము రథకారునకు అగ్న్యాధానమును విధించినది. రథకారుడనగా రథము చేయువాడెవడైననా, లేక ఒకానొక జాతివాడా యని మీమాంసకులు చర్చించి, రూఢి యోగముకంటె బలీయము గనుక జాతియే యని తేల్చిరి. శాస్త్రవాక్యమునకు అర్థము చెప్పుటలో ఆ న్యాయము చెల్లుగాక! సంఘమున మాత్రము అదియే మన కొంప తీసినది. పనిని జాతికి రూఢి చేసి, చేయువాడే కర్తయను యోగార్థమును మఱచితిమి. ఋభువులు మర్త్యులై పుట్టి, అశ్వినులకు రథము చేసిన నేర్పుచేత దేవత్వమందిరని ఋగ్వేదము చెప్పుచుండగా, రథము చేయువాని మనుమడు బడిలో సిగ్గుపడుచున్నాడు!

పంతులు సుత్తి పట్టిన పనివాని కూలి పోవునని కొందఱందురు. నాకొక్క పలకకు నాలుగు ఆదివారములు పట్టినవి. ఆ వృద్ధుడు దానిని ఒక్కపూటలో చేయగలడు. పని చేసి చూచినవాడు పనివానితో బేరమాడజాలడు. కూలిని తగ్గించునది మన యెఱుక కాదు, మన యెఱుగమి.

చేతిపని మూలముగా చదువు చెప్పవలెనని 1937లో వార్ధాసభయందు గాంధీగారు ప్రతిపాదించిరి. నేడు మా వంటి బడులలో చేతిపనికి మిగిలినది సాయంకాలపు కడపటి గంట. అదియు పరీక్షలు వచ్చిన లెక్కలకు పోవును. ఆ గంటను నిలిపి, ఊరి రేకుపనివానిని, వడ్రంగిని, కుమ్మరిని జీతమిచ్చి పిలిచి, గురుపీఠమున కూర్చుండబెట్టవలెను. మనుమడు చూచుచుండగా తాతకు ప్రధానోపాధ్యాయుడు లేచి నమస్కరించిననాడు, “వ్యాపారము” అను మాట వానికి మఱి యవసరముండదు.